చివరి స్టాపులో మైకక్క

మైకక్క అన్న పేరు ఆమెకు అమ్మానాన్నలు పెట్టింది కాదు, వీధి పెట్టింది. ఎన్నికలొచ్చాయంటే చాలు, వ్యాను మీద కట్టిన మైకులో ఆమె గొంతే మోగేది. గొంతుకు తగ్గట్టే కాళ్ళు కూడా, ఒకచోట నిలిచేవి కావు. ఏ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో, ఏ అత్తకు ఏ కోడలితో పడదో, ఎవరు అడిగితే ఎవరు కాదనలేరో అంతా ఆమెకు నాలుక చివరనుండేది. పార్టీ ఆమెకు ఏమీ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. మంచి మనిషి గెలిస్తే వీధి బాగుపడుతుందని నమ్మింది, అంతే. ఆ నమ్మకం మీదే పెళ్ళికి ముందు కొన్నాళ్ళు, పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు తిరిగింది.

చివరిసారి తిరిగినప్పుడు ఒక ముసలామెను వేదిక ఎక్కించింది. వీధి చివర బట్టలు కుట్టుకుని బతికే మనిషి. అందరూ మిషన్ పెద్దమ్మ అనేవారు. వానకు గోడ కూలి ఆమె ఇల్లు నేలమట్టమైంది. సభలో ఆ సంగతి చెప్పమంటే పెద్దమ్మ మొదట రానంది. నా ఏడుపు నలుగురిలో ఎందుకంది. మైకక్క బతిమాలి, బామాలి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పెద్దమ్మ మాట్లాడుతుంటే మైదానమంతా కళ్ళు తుడుచుకుంది. నాయకుడు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, గెలిచిన మర్నాడే ఈ తల్లి ఇంటికి ముగ్గు పోస్తామన్నాడు.

గెలిచాడు. ఇల్లు లేవలేదు. నెల తిరక్కుండానే, ఎవరినైతే దొంగలని మైకక్క చేత ఊరంతా తిట్టించాడో వాళ్ళ జెండా కిందికే వెళ్ళి మంత్రి అయి కూర్చున్నాడు.

మైకక్క మొహం చెల్లకపోయినా పెద్దమ్మ ఉంటున్న రేకుల షెడ్డుకు వెళ్ళింది. తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అంది.

"ఆయనెవరో నాకేం తెలుసమ్మా. నేను నీ మాట మీద ఎక్కాను."

అంతటితో మైకక్క మైకు ముట్టుకోవడం మానేసింది. టీవీలో వార్తలొస్తే లేచి వెళ్ళిపోయేది. పార్టీ వాళ్ళు పిలిస్తే తలుపు తీసేది కాదు. అదే సమయంలో ఆమె భర్తకు పరాయి దేశంలో ఒక ఆసుపత్రి వంటశాలలో ఉద్యోగం వచ్చింది. వెళ్దామా వద్దా అని ఆయన వారం రోజులుగా తటపటాయిస్తుంటే, ఆమె అప్పటికే పెట్టె దించి దుమ్ము దులుపుతోంది.

కొత్త దేశంలో ఆమె బస్సు డ్రైవరైంది. ప్రచారం వ్యాను నడిపేవాడు తాగి పడిపోయిన రోజుల్లో స్టీరింగు పట్టుకున్న అలవాటు ఉండనే ఉంది. ఇక్కడి భాష నేర్చుకుని, శిక్షణ తీసుకుని, నీలం చొక్కా తొడుక్కుంది. ఆ పని ఆమెకు ఎందుకో తెగ నచ్చింది. బస్సు వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. మధ్యలో బుకాయించడానికి చోటు లేదు. అందరికీ తలుపు తెరిచి, అందరినీ చెప్పిన చోటే దింపే పని. ఇంతకంటే నిజాయితీ అయిన ఉద్యోగం లోకంలో ఉందా అని మొగుడితో అంటే, ఆయన అన్నం వండటం కూడా ఉందని గుర్తు చేసేవాడు.

మొగుడికైనా, కూతురికైనా ఇంట్లో ఒక్కటే నియమం. రాజకీయం మాట వినబడకూడదు. పాపం ఆయనకు వార్తల పిచ్చి. ఫోను పట్టుకుని స్నానాల గదిలో దూరి, సొంత దేశంలో ఎవరు ఎవరితో కలిశారో చూసుకుని బయటికొచ్చేవాడు. మొహం చూసి ఆమె పోల్చేది గాని అడిగేది కాదు. ఇక ఆమె అన్నయ్య ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. ఆయన ఇంకా ఆ పార్టీలోనే, ఆ నాయకుడు వదిలేసి పోయిన పార్టీలో, జెండా మోస్తున్నాడు. కుశల ప్రశ్నలయ్యాక "ఈసారి గాలి మనవైపే వీస్తోందమ్మా" అని మొదలుపెట్టగానే, ఆమె ఫోను భర్త చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

డిపోలో కూడా అంతే. రకరకాల దేశాల వాళ్ళు, ఎవరి కబుర్లు వాళ్ళవి. జీతాల గొడవ గానీ, సెలవుల గొడవ గానీ వస్తే ఆమె తన టిఫిను డబ్బా తీసుకుని ఇంకో బల్లకు మారిపోయేది. ఎప్పుడూ నోరు విప్పదని వాళ్ళు ఆమెకో ముద్దుపేరు పెట్టారు. ఉలుకూ పలుకూ లేనిదని దానికి అర్థం. ఆ పేరు విన్న రోజు ఆమె భర్త నవ్వలేక మంచం మీద పడి దొర్లాడు.

ఆమె నడిపే బస్సు ఊరి మధ్యనుంచి బయలుదేరి, గుట్ట మీద మూతబడ్డ ఫ్యాక్టరీ దగ్గర ఆగుతుంది. అదే చివరి స్టాపు. ఒకప్పుడు అక్కడో కాఫీ దుకాణం ఉండేది. డ్రైవర్లు దాన్లోనే కాళ్ళు చాపుకుని, దాన్లోనే మరుగుదొడ్డికి వెళ్ళేవారు. ఫ్యాక్టరీ పోయాక దుకాణమూ పోయింది. ఇప్పుడు అక్కడ గాలి, గడ్డి, ముళ్ళకంచె తప్ప ఏమీ లేవు. మగవాళ్ళు కంచె వెనక్కి వెళ్ళి వచ్చేవారు. ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. పొద్దున ఓ గుక్క తాగి బండెక్కితే డ్యూటీ దిగేదాకా పెదాలు తడుపుకోవడమే. తలనొప్పులు, కడుపులో మంటలు, అన్నీ ఎవరికి వాళ్ళు దిగమింగుకునేవారు.

ఆ గుట్టకు బండి నడిపే వాళ్ళలో ఒక పొడుగమ్మాయి ఉంది. ఇంకా పెళ్ళి కాలేదు. గలగలా మాట్లాడుతుంది. ఆమె ఒక్కతే మైకక్క దగ్గర 'అక్కా' అన్న మాట నేర్చుకుని, ఎక్కడ కనబడినా అలాగే పిలిచేది.

ఒక మధ్యాహ్నం దారిలో లారీ తిరగబడి బస్సులన్నీ గంటల తరబడి నిలిచిపోయాయి. మైకక్క ఎలాగో గుట్ట ఎక్కేసరికి ముందు వచ్చిన బస్సు ఖాళీగా నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో పొడుగమ్మాయి కదలకుండా కూర్చుని ఉంది. దగ్గరికెళ్తే కళ్ళనిండా నీళ్ళు.

"అక్కా, నేను లేవలేను" అంది.

మైకక్క ఇంకేమీ అడగలేదు. తన వాన కోటు విప్పి ఆ పిల్ల నడుముకు చుట్టింది. దింపి తన బస్సులో వెనక సీట్లో కూర్చోబెట్టి, సీసాలో ఉన్న నీళ్ళన్నీ పోసి ఆ డ్రైవరు సీటు కడిగి తుడిచింది. చిన్నపిల్లలకైతే నవ్వి ఊరుకునే పని. పాతికేళ్ళ మనిషికి, అదీ ఒంటి మీద ఉద్యోగపు బట్టలుండగా, చచ్చిపోవాలనిపించే పని. ఆ పిల్ల వెక్కుతూనే చెయ్యి చాపి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. మైకక్క వేసింది. ఇంటికెళ్ళాక మొహమలా ఉందేమని భర్త అడిగినా చెప్పలేదు.

పొడుగమ్మాయి మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. జ్వరమని చెప్పిందట.

మైకక్కకు అన్నం సయించలేదు. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు డిపో మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఆమె అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. గుట్ట మీద మాకో మరుగుదొడ్డి కావాలంది. మేనేజరు చెడ్డవాడేమీ కాదు. శ్రద్ధగా విని, ఆ నేల పురపాలక సంఘానిది, మా చేతిలో లేదన్నాడు. పురపాలక సంఘానికి వెళ్తే, డ్రైవర్లు కంపెనీ వాళ్ళు, మాకేం సంబంధం అన్నారు. ఆ మాట మళ్ళీ మేనేజరుకు చెబితే ఆయన మళ్ళీ వాళ్ళ వైపే వేలు చూపించాడు.

డిపోలో అందరికంటే పాతవాడు ఒక టోపీ పెద్దాయన. నిద్రలో కూడా టోపీ తీయడని అందరూ ఆట పట్టిస్తారు. ఉలుకూ పలుకూ లేనిది ఆఫీసుల చుట్టూ చెప్పులరగదీస్తోందని తెలిసి, ఆయనే వచ్చి ఆమె బల్ల దగ్గర కూర్చున్నాడు. ఊరికే అడిగితే ఎవరూ కదలరనీ, ఎవరికైనా ఏదైనా జరిగి ఉండాలనీ, జరిగితే చెప్పమనీ, పేపరు వాళ్ళు తనకు తెలుసనీ అన్నాడు. మైకక్కకు ఆ మధ్యాహ్నం కళ్ళ ముందు కదిలింది. ఆ ఒక్క సంగతి చెబితే ఊరు ఊరంతా కరిగిపోతుంది. ఎలా చెప్పాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా ఆమెకు తెలుసు. ఆ విద్యలో పండిపోయిన మనిషి. అలా తెలిసినందుకే ఆమెకు ఒళ్ళు జలదరించింది.

"ఇంకొకరి కథ నేను చెప్పను పెద్దాయనా" అంది. "చెప్పాల్సి వస్తే నాదే చెప్పుకుంటాను."

మర్నాడు పొద్దున ఆమె ఇంట్లో పెద్ద గ్లాసుతో నీళ్ళు తాగింది. మళ్ళీ నింపుకుని తాగింది. ఎన్నాళ్ళకో కడుపు నిండా నీళ్ళు తాగితే ప్రాణం లేచొచ్చినట్టయింది. బండెక్కింది. గుట్ట ఎక్కి దిగేసరికి కావలసిన పని కానే అయింది. తిరుగుదారిలో గ్రంథాలయం స్టాపులో బస్సు ఆపి, బ్రేకు వేసి, సీట్లోంచి లేచి ప్రయాణికుల వైపు తిరిగి నిలబడింది. వేలమంది ముందు మాట్లాడిన మనిషికి పాతికమంది ముందు నోరెండిపోయింది.

"నేను బాత్రూంకి వెళ్ళాలి" అంది. "చివరి స్టాపులో మాకు బాత్రూం లేదు. ఈ గ్రంథాలయంలో ఉంది. వెళ్ళి వస్తాను. మీకు ఆలస్యమవుతుంది, నన్ను క్షమించాలి. కంపెనీకి ఫోను చేయాలనుకుంటే చేయండి. నేను చెప్పిన ముక్కే చెప్పండి, చాలు."

అని దిగి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఎన్ని శాపనార్థాలు వినాలో అనుకుంటూ మెట్టెక్కింది. బస్సులో అందరూ అలాగే కూర్చుని ఉన్నారు. ముందు సీట్లో చేతికర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ, మరి ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా అని అడిగింది. నీళ్ళు తాగడం మానేశామని మైకక్క చెప్పింది. అంతదాకా గడియారం చూసుకుంటున్న టై కట్టుకున్న ఆయన ఫోను తీసి ఎవరికో చెప్పసాగాడు.

"నాకు కాస్త ఆలస్యమవుతుంది. డ్రైవరుకు బాత్రూం లేదట. కాదు, బస్సు బాగానే ఉంది. డ్రైవరుకే. అవును, లేదట. నేనూ అదే అంటున్నాను, ఎలా లేకుండా ఉంటుంది?"

మైకక్క బండి కదిలించింది. అద్దంలో చూస్తే బస్సంతా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారు.

సాయంత్రానికల్లా ఈ కబురు డిపో అంతా పాకింది. మర్నాడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అదే పని చేశారు. వారం తిరిగేసరికి గుట్ట దారిలో బండి నడిపే వాళ్ళందరూ, మగవాళ్ళతో సహా, గ్రంథాలయం దగ్గర ఆపడం మొదలుపెట్టారు. మైకక్క ఒక్కటే షరతు పెట్టింది. అవసరం లేకపోతే ఆపకూడదు, నాటకం ఆడకూడదు. టోపీ పెద్దాయన, నా వయసులో అవసరం లేని గంటంటూ ఉంటుందా అని అడిగి అందరినీ నవ్వించాడు. గ్రంథాలయం ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, ఇటు రండని దారి చూపించేది.

కంపెనీకి ఫోన్లు వెల్లువెత్తాయి. బస్సులు ఆలస్యమని కాదు. డ్రైవర్లను ఇలా చూస్తారా అని. పై నుంచి మేనేజరుకు అక్షింతలు పడ్డాయి. ఆయన మైకక్కను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, స్వయంగా టీ కలిపిచ్చాడు. ఊరి మధ్యలో తిరిగే చిన్న రూటు ఒకటి ఖాళీ అయిందట. రెండు చివరలా మంచి విశ్రాంతి గదులున్నాయట. కొన్నాళ్ళు పోతే కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం కూడా ఆమెకేనట. ఈ ఆపడాలు ఆపేస్తే చాలునట.

కుర్చీ మెత్తగా ఉంది. టీ వెచ్చగా ఉంది. మైకక్కకు నడుము నొప్పి, ఇంటి దగ్గర స్కూలుకెళ్ళే కూతురు, పెందలాడే ఇల్లు చేరే డ్యూటీ. అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. సరే అనడం ఎంత సులువో ఆమెకు ఆ కుర్చీలోనే అర్థమైంది. ఆ నాయకుడిని కూడా ఇలాంటి కుర్చీలోనే, ఇలాగే మర్యాదగా కూర్చోబెట్టి ఉంటారు. అంతవరకూ అతన్ని రాక్షసుడనుకుంది. రాక్షసుడేమీ కాదు, ఒక కప్పు టీకి మెత్తబడ్డ మనిషి. అలా అనిపించగానే ఆమె కప్పు కింద పెట్టి లేచింది.

"ఈ మాట మీరు నాకొక్కదానికే చెప్పడం బాగుండదు సార్. రండి, అందరికీ చెబుదాం."

ఆయన వద్దు వద్దంటూనే వెనకాల వచ్చాడు. విశ్రాంతి గదిలో అందరూ తింటున్నారు. మైకక్క మధ్యలో నిలబడి, ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క కలపకుండా, తీసేయకుండా చెప్పింది. మేనేజరు గారు నాకు మంచి రూటు ఇస్తామన్నారు, ఆయన మర్యాదగానే అడిగారు, నేను వద్దన్నాను. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టోపీ పెద్దాయన పక్కకు జరిగి తన బల్ల మీద ఆమెకు చోటిచ్చాడు. మేనేజరు తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పై వాళ్ళతో రేపు నేనే మాట్లాడతానన్నాడు.

పురపాలక సంఘం సమావేశం ఒక శనివారం పొద్దున జరిగింది. ఎవరైనా వచ్చి వినవచ్చు, మాట్లాడవచ్చు. డ్రైవర్లు నీలం చొక్కాలతో వెళ్ళి వెనక వరసల్లో కూర్చున్నారు. చేతికర్ర ముసలమ్మ వచ్చింది. టై ఆయన భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. మేనేజరు తన వంతు రాగానే, నీటి గొట్టం మీరు వేయండి, గది మేం కడతామని కంపెనీ మాటగా చెప్పాడు. సభ్యుల్లో ఒకావిడ, బాగా చదువుకున్న మనిషి, ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్ళుగా లేని ఇబ్బంది ఇప్పుడెలా వచ్చిందనీ, నిజంగా ఎవరికైనా ఏదైనా జరిగిందా అనీ అడిగింది.

అందరూ మైకక్క వైపు చూశారు. ఆమె తన సంగతి, నీళ్ళు మానేసిన సంగతి, చెప్పింది. అంతకు మించి చెప్పలేదు. పొడుగమ్మాయి నాలుగు వరసల అవతల గోడ పక్కన కూర్చుని ఉంది. పనికి తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. పొరపాటున కూడా చూపు అటు వెళ్ళకూడదని మైకక్క నేల చూస్తూ కూర్చుంది. కుర్చీ చప్పుడైంది.

"నాకు జరిగింది" అంది పొడుగమ్మాయి.

నిలబడి, గోడకు చెయ్యి ఆనించి, మొత్తం చెప్పింది. లారీ పడిపోవడం, గుట్ట ఎక్కడం, సీట్లోంచి లేవలేకపోవడం, అన్నీ. "ఆ రోజు ఒకరు సీటు కడిగారు. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాను. చెప్పలేదు. నాకు సిగ్గేసింది. కానీ సిగ్గుపడాల్సింది నేను కాదని ఈ మధ్యే తెలిసింది."

ఎవరూ నవ్వలేదు. టోపీ పెద్దాయన టోపీ తీశాడు. ఆయన నెత్తి మీద వెంట్రుక లేదని డిపో వాళ్ళందరికీ ఆ రోజే తెలిసింది. ప్రశ్న అడిగిన సభ్యురాలు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ఇందులో ఇక చర్చించడానికేముందంది. చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి. చేతికర్ర ముసలమ్మకు ఓటు లేకపోయినా కర్ర ఎత్తింది. ఎవరూ వారించలేదు.

బయటికొచ్చాక పొడుగమ్మాయి వచ్చి మైకక్క మెడ చుట్టూ చేతులు వేసింది. మైకక్కకు ఏడుపు ఆగలేదు. సొంత దేశంలో ఎన్ని గెలుపులు చూసిందో. పూలు జల్లారు, టపాకాయలు కాల్చారు, భుజాల మీద మోశారు. ఏ గెలుపులోనూ ఇలా గుండె నిండలేదు.

ఆ ఆదివారం అన్నయ్య ఫోనులో ముందే అందుకున్నాడు. బావ అంతా చెప్పాడట. రాజకీయం పేరెత్తితే ఫోను పడేసేదానివి, పరాయి దేశం వెళ్ళి అదే చేస్తున్నావా అని నవ్వాడు.

"ఏమో అన్నయ్యా" అంది మైకక్క. "నేను బాత్రూంకి వెళ్ళాను, అంతే."

అన్నయ్య చాలాసేపు నవ్వాడు. నవ్వడం అయ్యాక, మన వీధిలో కుళాయి సంగతి ఒకటుందమ్మా, ఎవరి దగ్గరికెళ్ళినా పని జరగడం లేదన్నాడు. ఆమె ఫోను భర్తకివ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ కుళాయి దగ్గరికి రోజూ వచ్చేదెవరో చెప్పు, నాయకుల పేర్లు వద్దు, బిందె పట్టుకుని వచ్చే వాళ్ళ పేర్లు చెప్పు అంది. భర్త స్నానాల గదిలోంచి తల బయటికి పెట్టి చూశాడు.

గుట్ట మీద గది లేవడానికి ఒక చలికాలం పట్టింది. చిన్న గదే. లోపల తెల్లటి పలకలు, వేడి నీళ్ళ కుళాయి, అద్దం, కూర్చోవడానికో బల్ల. ప్రారంభం రోజున రంగు రిబ్బను కట్టారు. కత్తిరించడానికి పురపాలక అధ్యక్షుడు వచ్చాడు. కాగితాలు చాలానే తెచ్చుకున్నాడు. ప్రజాసేవ అంటూ మొదలుపెట్టాడు. అది ఎక్కడికి పోతుందో మైకక్కకు మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. ఆయన రెండో కాగితం తిప్పేలోపు పొడుగమ్మాయి, ఆగలేనన్నట్టు మొహం పెట్టి, రిబ్బను కింద నుంచి వంగి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల నీళ్ళు దూకిన చప్పుడు గుట్టంతా వినబడింది. డ్రైవర్లు, ప్రయాణికులు, మేనేజరు, అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు కూడా కాగితాలు మడిచి, నవ్వేసి, చప్పట్లలో కలిశాడు.

బస్సుల వేళ అయింది. ఎవరి బండి వాళ్ళు ఎక్కారు. మైకక్క అద్దం సరిచేసుకుని, తలుపు మూసి, అందరూ కూర్చున్నారో లేదో ఒకసారి వెనక్కి చూసుకుని, ఎండలో మెరుస్తున్న ఊరి వైపు బండి దింపింది.